ధమనీవ్యాధి - తెల్లకణముల పాత్ర

గ్రీకు భాషలో 'అథీరే' అనగా జావ. 'స్క్లీరోసిస్' అనగా గట్టిపడుట. ఈ రెండు మాటలను జోడించి 1904వ సంవత్సరమున లైప్‌జిగ్ నగరమునందలి ఫెలిక్స్ మార్షాన్ అను వైద్యశాస్త్రజ్ఞుడు, ధమనుల గోడలలో కొవ్వు పేరుకొని గోడలు గట్టిపడు వ్యాధికి 'అథిరోస్క్లిరోసిస్' అని పేరు పెట్టెను. పేరు ఉచితముగనే యున్నది. వ్యాధి ముదిరిన ధమనిని కోసి చూచినచో లోపల పసుపుపచ్చని జావవంటి పదార్థమును, దానిని కప్పియున్న గట్టి పొరయు కనబడును. కాని ఆ పేరు సగము కథనే చెప్పుచున్నది. ఆ జావ కేవలము మనము తిన్న కొవ్వు కాదు. ఒకప్పుడు ప్రాణముతో నుండి, శరీరమును రక్షింపవచ్చి, కొవ్వును మ్రింగి అరిగించుకొనలేక అక్కడనే నశించిన తెల్లకణముల శిథిలములు దానియందు చాల గలవు. ఈ సంగతి శాస్త్రలోకమునకు తేటపడుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. ఆ నూఱేండ్ల చరిత్రను సంగ్రహముగా మనవిచేయుట ఈ ప్రసంగపు ఉద్దేశము.

సామాన్యముగా మనము ధమనిని నీటిగొట్టముతో పోల్చుకొందుము. గొట్టములో మడ్డి చేరును, దారి ఇఱుకగును, ఒకనాడు పూర్తిగా మూసికొనిపోవును, అప్పుడు గుండెపోటు వచ్చునని తలంతుము. ఈ ఉపమానము నిజమైనచో, పోటు రాబోవు చోట దారి ముందే మిక్కిలి ఇఱుకై యుండవలెను. కాని 1988లో అమెరికాలో వెలువడిన పరిశీలనలు ఇందుకు విరుద్ధముగ నుండెను. గుండెపోటునకు పూర్వము ఏదో కారణమున తీసియుంచిన ఎక్స్‌రే చిత్రములను తిరిగి చూడగా, పెక్కుమందిలో ఆ తరువాత మూసికొనిపోయిన స్థలము, చిత్రము తీసిననాటికి సగమైనను ఇఱుకుపడి యుండలేదు. నిన్నటివరకు పొలమునకు నడచిపోయి వచ్చిన మనిషి నేడు హఠాత్తుగా కూలిపోవుటకు కారణమేమో గొట్టపు ఉపమానము చెప్పలేదు. ధమని గోడ సజీవమైనదనియు, దానిలో సంవత్సరముల తరబడి ఒక పోరాటము జరుగుచున్నదనియు గ్రహించిన పిమ్మటనే ఆ ప్రశ్నకు జవాబు దొరకినది.

ఈ చరిత్ర పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఇద్దఱు మహాపండితుల వివాదముతో ప్రారంభమగుచున్నది. వియన్నా నగరమునందు కార్ల్ రొకిటాన్‌స్కీ వేలకొలది శవములను పరీక్షించి, ధమని లోపలి మచ్చలు రక్తమునుండి దిగిన మడ్డి వలన ఏర్పడుచున్నవని వాదించెను. జర్మనీలో రుడాల్ఫ్ విర్కో ఈ వాదమును అంగీకరింపలేదు. మచ్చ గోడపైన గాక గోడ లోపల పుట్టుచున్నదని సూక్ష్మదర్శినితో చూచి, ఇది ఒక విధమైన శోథయేనని 1856లో ప్రకటించెను. శోథ యనగా దెబ్బ తగిలినపుడు గాని, క్రిములు ప్రవేశించినపుడు గాని శరీరము చూపు ప్రతిక్రియ. ఎఱుపు, వేడి, వాపు, నొప్పి దాని నాలుగు లక్షణములని రోమను రచయిత సెల్సస్ రెండువేల యేండ్లక్రిందటనే వ్రాసియుండెను. మచ్చలలో శోథ చిహ్నములున్న మాటను రొకిటాన్‌స్కీ కాదనలేదు. అయితే అవి వ్యాధి ఫలితములు మాత్రమే యని ఆయన మతము. కాదు, అవియే మూలమని విర్కో మతము. మూలమా, ఫలితమా యను ఈ ప్రశ్న ఆనాడు తేలలేదు. తేల్చుటకు కావలసిన సాధనములు వారికి లేవు.

శోథను గూర్చిన భావనను మార్చినవాడు ఇల్యా మెచ్నికాఫ్ అను రష్యా జీవశాస్త్రజ్ఞుడు. 1882లో ఆయన ఇటలీదేశమునందలి మెస్సీనా రేవులో నివసించుచు, అద్దమువలె పారదర్శకములైన నక్షత్రమీనపు పిల్లలను పరీక్షించుచుండెను. ఒకనాడు వాని శరీరములో గులాబీముల్లు గ్రుచ్చి, మఱునాటి ఉదయము చూడగా, చలించు కణములు గుంపులుగా వచ్చి ముల్లును చుట్టుముట్టి యుండెను. శరీరములో ప్రవేశించిన శత్రువును పట్టి మ్రింగు కణములు గలవని ఆయన గ్రహించి, వానిలో పెద్దవానికి 'మాక్రోఫేజులు', అనగా మహాభక్షకులు అని పేరు పెట్టెను. ఈ కృషికై 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమానమును పొందెను. అంతవరకు శోథ యనిన రోగమని తలచినవారికి, అది రక్షణ కార్యమని మెచ్నికాఫ్ చూపెను. కావలివాడు ఉన్నాడని తెలిసినది. కావలివాడే ఒక్కొక్కప్పుడు నష్టము కలిగించునని తెలియుట ఇంకను మిగిలియుండెను.

1910లో జర్మనీ రసాయనశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ విండౌస్, రోగగ్రస్తమైన బృహద్ధమనిలో ఆరోగ్యవంతమైన దానికంటె ఎన్నోరెట్లు కొలెస్టరాల్ ఉన్నదని కొలిచి చూపెను. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గులో నికొలాయ్ అనిచ్కోవ్, సెమ్యోన్ ఖలాటోవ్ అను ఇద్దఱు యువకులు శుద్ధమైన కొలెస్టరాలును ప్రొద్దుతిరుగుడు నూనెలో కరగించి కుందేళ్లకు తినిపించిరి. కొలదికాలములోనే వాని ధమనులలో మనుష్యుల ధమనులలోని మచ్చలవంటి మచ్చలు పుట్టెను. ఈ ప్రయోగము సుప్రసిద్ధము. కాని అనిచ్కోవ్ చూచిన రెండవ విషయము అంతగా ప్రసిద్ధికి రాలేదు. ఆ మచ్చలలో కొవ్వుబొట్లతో నిండి, సబ్బునురుగువలె ఉబ్బిన కణములను ఆయన చూచెను. ఇవి కొవ్వును మ్రింగిన భక్షకకణములని వర్ణించెను. వీనినే నేడు 'నురుగు కణములు' అందురు. కొలెస్టరాలు, తెల్లకణము రెండును ఒకే మచ్చలో ఒకే సూక్ష్మదర్శినిక్రింద 1913లోనే కనబడినవన్నమాట.

అయినను తరువాతి అర్ధశతాబ్దము కొలెస్టరాలుదే యయ్యెను. అందుకు కారణములు లేకపోలేదు. కొలెస్టరాలును రక్తములో కొలువవచ్చును, అంకెలలో చెప్పవచ్చును. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున ప్రారంభమైన దీర్ఘపరిశీలన, రక్తములో కొలెస్టరాలు, రక్తపుపోటు అధికముగ నున్నవారికి హృద్రోగము అధికముగ వచ్చుచున్నదని 1961 నాటికి చాటెను. తెల్లకణముల విషయము అట్టిది కాదు. మామూలు రంగులద్దిన కండపొరలో నురుగుకణమును చూచినపుడు, అది రక్తమునుండి వచ్చిన భక్షకకణమా, ధమని గోడలోని కండకణమే కొవ్వుపట్టి అట్లు మాఱినదా యని నిర్ణయించుట దుస్సాధ్యము. చాలమంది అది కండకణమే యనుకొనిరి. భక్షకకణమే యైనను, జరిగిన నష్టమును ఊడ్చిపోవచ్చిన పాకీపనివాని వంటిదే గాని, నష్టకారకము కాదని సమాధానపడిరి.

ఈ నిద్రావస్థలోను కొన్ని మెలకువలు లేకపోలేదు. పెనిసిలిన్ ఔషధముగ మాఱుటకు ముఖ్యకారకుడైన హవర్డ్ ఫ్లోరీ, తన సహచరుడు పూల్‌తో కలిసి 1958లో ఆక్స్‌ఫర్డునందు కుందేళ్ల ధమనులను పరీక్షించి, కొలెస్టరాలు తినిన వాని ధమనుల లోపలి అస్తరునకు తెల్లకణములు అంటుకొనుటను, లోపలికి చేరుటను వర్ణించెను. 1981లో అమెరికాలో రాస్ జెరిటీ పందులపై ప్రయోగములు చేసి, రక్తమునందలి మోనోసైటులు, అనగా భక్షకకణములకు పూర్వరూపములైన తెల్లకణములు, అస్తరు సందులగుండ దూరి గోడలో ప్రవేశించి నురుగుకణములుగ మాఱుచున్నవని స్పష్టపఱచెను.

ఇంతలో టెక్సస్ రాష్ట్రపు డాలస్ నగరమున మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ ఒక చిక్కుముడిని విప్పుచుండిరి. రక్తములో కొలెస్టరాలును మోయు ఎల్.డి.ఎల్. అను రేణువులను కణములు ఒక ప్రత్యేక గ్రాహకముద్వారా లోనికి తీసికొనునని వారు కనుగొనిరి. పుట్టుకతోనే ఈ గ్రాహకము లేనివారి ధమనులలోను నురుగుకణములు విస్తారముగ నుండుట ఆశ్చర్యకరము. పైగా, సహజమైన ఎల్.డి.ఎల్.ను ఎంత పోసినను ప్రయోగశాలలో భక్షకకణములు ఉబ్బలేదు. 1979లో వారు ఆ రేణువును రసాయనికముగ కొంచెము మార్చి పోసిరి. వెంటనే భక్షకకణములు దానిని అంతులేని ఆకలితో మ్రింగ మొదలిడెను. శరీరములో ఈ మార్పును కలిగించునది ఏది? ధమని గోడలో చిక్కుకొన్న రేణువు ప్రాణవాయువు తాకిడికి ఆక్సీకరణము చెందుట వలన ఇట్టి మార్పు కలుగునని 1980 తరువాతి దశకములో శాన్ డియేగోలో డేనియల్ స్టైన్‌బర్గ్ బృందము నిరూపించెను. నిలువయుంచిన నూనె కనరెక్కినట్లే, గోడలో నిలిచిన కొవ్వు కూడ మాఱిపోవును. మాఱిన దానిని తెల్లకణము తనదిగా గుర్తింపక, చెత్తయని మ్రింగును.

అయితే ఇవన్నియు కుందేళ్ల, పందుల, ప్రయోగశాలల సంగతులు. మనుష్యుని ధమనిలో ఏమున్నదని తేల్చుటకు ఒక్కొక్క జాతి కణమును వేఱువేఱుగ గుర్తించు సాధనము కావలెను. ఆ సాధనము 1975లో కేంబ్రిడ్జినందు గెయార్గ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ కనుగొనిన విధానము వలన లభించినది. ఒకే లక్ష్యమును పట్టుకొను ప్రతిరక్షకములను కావలసినంత తయారుచేయుట అప్పటినుండి సాధ్యమైనది. కండపొరపై ఒక ప్రతిరక్షకమును పోసిన భక్షకకణములు మాత్రమే వెలుగును. మఱియొకటి పోసిన కండకణములు మాత్రమే.

స్వీడనులోని గోథెన్‌బర్గ్ నగరమున లేనా యూనాసన్, యోరన్ హాన్సన్, వారి సహచరులు ఈ సాధనమును మనుష్యుల కంఠధమనులపై ప్రయోగించిరి. మెదడునకు రక్తము అందనందున శస్త్రచికిత్సచేసి తీసిన ఫలకములే వారి పరీక్షావస్తువులు. 1985, 1986 సంవత్సరములలో వెలువడిన వారి ఫలితములు రెండు విషయములను తెలిపెను. ఫలకపు నడుమ కొవ్వుభాగమున భక్షకకణములే అధికముగ నుండెను. ఇది కొంతవఱకు ఊహించినదే. ఊహింపనిది రెండవది. ఫలకమును కప్పు నారపొరలో టి-లింఫోసైటులు గుంపులుగ నుండెను. అక్కడి కణములలో ఇంచుమించు ఐదవవంతు అవియే. టి కణము భక్షకకణమువలె దొరికినదెల్ల మ్రింగునది కాదు. అది ఒక ప్రత్యేక శత్రువును గుర్తించి, ఇతర కణములను పురికొల్పు సేనాపతివంటిది. సేనాపతి ఉన్నచోట యుద్ధమున్నదని అర్థము. శత్రువెవరు? 1995లో ఇదే బృందము మనుష్యుల ఫలకములనుండి టి కణములను వేఱుచేసి పెంచగా, వానిలో కొన్ని ఆక్సీకరణము చెందిన ఎల్.డి.ఎల్.ను గుర్తించి స్పందించెను. పరాయి క్రిములపై పోరాడవలసిన దళము, మాఱిపోయిన స్వంత పదార్థముపైననే ఆయుధము నెత్తినది.

ఇన్ని ఆధారములను కూర్చి, నేడు శాస్త్రజ్ఞులు చెప్పు క్రమము ఇట్టిది. ధమని చీలుచోట్ల, వంగుచోట్ల రక్తప్రవాహము నిలుకడగా నుండక సుడులు తిరుగును. అట్టి స్థలములలో ఎల్.డి.ఎల్. రేణువులు గోడలో దూరి చిక్కుకొని మాఱిపోవును. అస్తరు కణములు ఇది గ్రహించి తమ ఉపరితలమున జిగురువంటి అణువులను మొలిపించును. ప్రవాహమున పోవు మోనోసైటులు వానికి తగులుకొని లోపలికి దూరి, భక్షకకణములై, కొవ్వును మ్రింగి నురుగుకణములగును. అవి సంకేతములు పంపి మఱికొన్ని తెల్లకణములను పిలుచును. చచ్చిన నురుగుకణములను ఇతర భక్షకులు వెంటవెంటనే తొలగింపలేనపుడు వాని శిథిలములు జావవలె మిగులును. కండకణములు నారను నేసి ఈ జావపై ఒక కప్పు కట్టును. ఆ కప్పు బలముగ నున్నంతకాలము మనిషికి వెంటనే ప్రమాదము లేదు.

ప్రమాదము కప్పు పలుచబడుటలో నున్నది. టి కణములు విడుచు ఇంటర్‌ఫెరాన్ గామా అను పదార్థము కండకణములను నార నేయనీయదు. భక్షకకణములు విడుచు ఎంజైములు నేసిన నారను కొఱికివేయును. ఒకవైపు నేత ఆగిపోయి, వేఱొకవైపు చిరుగు పెరిగినచో వస్త్రమేమగును? 1994లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు గుండెపోటుతో మరణించినవారి హృద్ధమనులను పరీక్షింపగా, కప్పు చిరిగినచోట, లేదా పైపొర ఒరసికొనిపోయినచోట భక్షకకణములును టి కణములును గుమికూడి యుండెను. కప్పు చిరిగిన జావ రక్తమునకు తగులును. నిమిషములలో రక్తము గడ్డకట్టి దారి మూసికొనును. నిన్నటివరకు బాగుగ నడచిన మనిషి నేడు కూలిపోవుటలోని రహస్యము చాలవఱకు ఇదియే. 1999లో సియాటిల్ నగరపు రస్సెల్ రాస్ తన సుప్రసిద్ధ వ్యాసమునకు 'అథిరోస్క్లిరోసిస్ ఒక శోథవ్యాధి' అనియే పేరుంచెను. విర్కో మాట నూటనలువది యేండ్లకు పైగా గడచిన పిమ్మట మరల సభామధ్యమునకు వచ్చినది.

ఫలకములో శోథ ఉండుట వేఱు, ఆ శోథయే గుండెపోటునకు కారణమగుట వేఱు. రొకిటాన్‌స్కీ వేసిన ప్రశ్న ఇంకను నిలిచియే యుండెను. 1997లో బాస్టనునందు పాల్ రిడ్కర్, ఆరోగ్యముగ నున్న వైద్యుల రక్తమును ముందుగ భద్రపఱచి, తరువాత వారిలో ఎవరికి గుండెపోటు వచ్చెనో చూచెను. శోథను సూచించు సి-రియాక్టివ్ ప్రోటీను అధికముగ నున్న నాలుగవవంతు వారికి, తక్కువగ నున్నవారికంటె గుండెపోటు దాదాపు మూడురెట్లు అధికముగ వచ్చినది. ఇది బలమైన సూచనయే గాని నిరూపణము కాదు. నిరూపణము కావలెనన్న కొలెస్టరాలును ముట్టుకొనక శోథను మాత్రమే తగ్గించి చూడవలెను.

అట్టి పరీక్ష 2017లో పూర్తియైనది. ఒకసారి గుండెపోటు వచ్చి, శోథ సూచకము హెచ్చుగ నున్న 10,061 మందిపై కనాకినుమాబ్ అను మందును పరీక్షించిరి. ఇది భక్షకకణములు విడుచు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అను సంకేతమును అడ్డగించును, కొలెస్టరాలును తగ్గింపదు. మధ్యమ మోతాదు పొందినవారిలో గుండెపోటు, పక్షవాతము, హృద్రోగ మరణములు అన్నియు కలిపి నూటికి 15 వంతున తగ్గినవి. మనుష్యులలో శోథ కేవల ఫలితము కాదని ఇట్లు రుజువైనది. కాని అంటురోగములవలన మరణించినవారు ఆ మందు పొందినవారిలో కొంత యెక్కువగ నుండిరి. మొత్తము మరణములు తగ్గలేదు. కావలివానిని కట్టివేసినచో దొంగలకు సందు దొరకుట సహజమే. 2018లో అమెరికా ప్రభుత్వసంస్థ హృద్రోగమునకై ఈ మందును అనుమతింపలేదు.

ఈ చరిత్రలో తెలుగువారికి సన్నిహితమైన ఘట్టమొకటి గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వము వహించిన కాలమున, ఫోలిక్ ఆమ్లమునకు ప్రత్యర్థులగు కొన్ని మందులు అచ్చట రూపొందినవి. వానిలో ఒకటియగు మెథోట్రెక్సేట్ క్యాన్సరునకే గాక కీళ్లశోథకును ప్రపంచమంతట వాడుకలో నున్నది. కీళ్లలోని శోథను చల్లార్చు మందు ధమనులలోని శోథను చల్లార్పదా యని 4,786 మందిపై దానిని కొలదిమోతాదులో పరీక్షించిరి. 2018లో వెలువడిన ఫలితము నిరాశాజనకము. అది గుండెపోట్లను తగ్గింపలేదు. శోథ సూచకములనును తగ్గింపలేదు. శోథ అనునది ఒకే మంట కాదు, ఏ మంటకు ఏ నీరో తెలిసికొని పోయవలెను అని ఈ వైఫల్యము నేర్పినది.

మఱియొక మందు కోల్చిసిన్. వాతపునొప్పులకు ప్రాచీనకాలమునుండి వాడబడు మూలికనుండి వచ్చినది. మన అడవులలోని అగ్నిశిఖ, అనగా అడవినాభి దుంపలోను ఈ పదార్థమే గలదు. ఆ దుంప ప్రాణాంతకమైన విషము. దానిని ఇంటివైద్యముగ ఎవరును ముట్టరాదు. మిక్కిలి స్వల్పముగ, రోజునకు అర మిల్లీగ్రాము చొప్పున ఇచ్చిన శుద్ధౌషధము 2019లో 4,745 మందిపై జరిగిన పరీక్షలో హృదయప్రమాదములను నూటికి 23 వంతున తగ్గించెను. 2024లో 7,062 మందిపై జరిగిన వేఱొక పరీక్షలో మాత్రము ఏ లాభమును కనబడలేదు. కనుక ఈ అధ్యాయము ఇంకను ముగియలేదు.

తెల్లకణములన్నియు ద్రోహులని తలచుట తగదు. రెండవ ప్రపంచయుద్ధములో గాయపడి ప్లీహమును కోల్పోయిన 740 మంది అమెరికా సైనికుల చరిత్రను 1977లో పరిశీలింపగా, వారిలో హృద్రోగ మరణములు ఇతరులకంటె అధికముగ నుండెను. ప్లీహము తెల్లకణములకు నిలయము. దానిని కోల్పోయినవారికి ఏదో రక్షణ కొఱవడినదని ఊహింపవలసి వచ్చినది. తరువాత ఎలుకలపై జరిగిన ప్రయోగములు, ప్లీహమునందలి బి కణములు ధమనులకు మేలు చేయుచున్నవని చూపినవి. పోరాటమును చాలింపజేయు టి కణములును, చచ్చిన కణములను శుభ్రముగ తొలగించు భక్షకులును ఉన్నవి. 2019లో న్యూయార్కు శాస్త్రజ్ఞులు మనుష్యుల కంఠధమనుల ఫలకములను ఒక్కొక్క కణము చొప్పున పరీక్షించి, పక్షవాతము వచ్చినవారి ఫలకములలోని టి కణములకును, రానివారి వానికిని స్వభావభేదమున్నదని కనుగొనిరి. ఏ దళమును ఆపవలెను, ఏ దళమును నిలుపవలెనను వివేకమే నేటి పరిశోధనకు లక్ష్యము.

ఈ కథ విని కొలెస్టరాలు మాట అబద్ధమని ఎవరును భ్రమపడకూడదు. గోడలో కొవ్వు చిక్కుకొననిదే తెల్లకణమునకు అక్కడ పనిలేదు. కొలెస్టరాలును తగ్గించు స్టాటిన్ మందులు శోథ సూచకమును కూడ తగ్గించుట గమనింపదగినది. పొగాకును మానుట, రక్తపుపోటును, మధుమేహమును అదుపులో నుంచుకొనుట, వైద్యుడు వ్రాసిన మందును నడుమ మానకుండుట - వీనివలన ధమని గోడకు గాయము తగ్గును. గాయము తగ్గినచో కావలివానిని పిలువవలసిన అవసరమును తగ్గును. కనాకినుమాబ్ వంటి మందులు కావలివానిని కట్టివేయజూచినవి. అతనిని కట్టివేయుటకంటె, అతడు కఱ్ఱ యెత్తవలసిన సందర్భమే రాకుండ చూచుకొనుట మేలు. అది మందులకొట్టులో దొరకునది కాదు. చాలవఱకు మన యింటనే, మన చేతిలోనే యున్నది.